మూడో జవాబు

ఫిబ్రవరి 3, 2010. బుధవారం

నాలుగు వందల తొంభై.

కాగితం మీద పెట్టి చూద్దామని రాశాను. నిన్న తెర మీద కనిపించిన దానికన్నా పెద్దదేమీ కాలేదు.

వాల్తేరులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ర్యాంకులో ప్యాసయిన జ్ఞానప్రసూనకు, ఈ అమెరికాలో ఒక మందుల కంపెనీ ల్యాబులో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరయిన జ్ఞానప్రసూనకు, జీమ్యాట్ అనే పరీక్షలో ఎనిమిది వందలకు వచ్చిన మార్కులివి. సాయంత్రపు ఎమ్‌బీఏ అడ్మిషన్ల ఆఫీసుకు ఫోను చేశాను. అక్కడి అమ్మాయి మర్యాదగానే చెప్పింది. అయిదు వందల యాభై ఉంటే దరఖాస్తు చదువుతారట. అంతకు తగ్గితే చదవరట. దరఖాస్తుకు ఆఖరి తేదీ మే ఒకటి. ఈలోగా మరొక్కసారి రాసుకోవచ్చునట.

నాకు దిగులేమీ లేదు. ఇంట్లో ఖాళీ డైరీ పడి ఉంది కనుక రాస్తున్నాను. అంతకుమించి కారణం లేదు.

ఫిబ్రవరి 4

పరీక్ష గది చల్లగా ఉంది. రాసుకోవడానికి కాగితం ఇవ్వరు. పసుపుపచ్చ ప్లాస్టిక్ పలకలు, ఒక మార్కరు ఇస్తారు. ఆ మార్కరుతో వర్గమూలం గుర్తు వేస్తే పందిరి వేసినట్టు ఉంటుంది. పక్క మిషను ముందు కూర్చున్న కుర్రవాడు ప్రతి ప్రశ్నకూ వేళ్లు విరుచుకున్నాడు. లోపలికి పంపేముందు అరచేతిలోని నరాలను యంత్రంతో చూసి మనిషిని గుర్తుపెట్టుకుంటారు. ముసలి చేతుల్లో నరాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ ఒక్క పరీక్షలో మాత్రం నాకే ఫస్టు వచ్చి ఉంటుంది.

ఒక సంగతి మాత్రం నమోదు చేసుకోవాలి. ఈ పరీక్షలో ఉన్న ప్రశ్నకు జవాబు పెడితే తప్ప తరువాతి ప్రశ్న రాదు. వెనక్కి వెళ్లడానికీ లేదు. కనుక ప్రతి లెక్కనూ తేలేదాకా చేశాను. తేలాక సరిచూసుకున్నాను. ఆ తరువాతే ముందుకు కదిలాను. గడువు ముగిసేసరికి లెక్కల్లో తొమ్మిది, ఇంగ్లీషులో పన్నెండు మిగిలిపోయాయి. చివరి నిమిషంలో పక్క కుర్రవాడు చదవకుండానే టకటకా ఏదో ఒకటి నొక్కుకుంటూ పోతున్న చప్పుడు వినిపించింది. నేను మౌసు వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చదవని ప్రశ్నకు జవాబు ఇవ్వడం నా వల్ల కాదు. అలా కూర్చోగలిగినందుకు నాకు గర్వంగానే ఉంది.

మార్కులు తగ్గడానికి ముఖ్యకారణం గది చల్లగా ఉండడమే.

ఫిబ్రవరి 7. ఆదివారం

ప్రమోద ఫ్రిస్కో నుంచి ఫోను చేసింది. నా కూతురు ఆదివారం ఫోను మానదు.

"అమ్మా, నీ టెస్ట్ ఏమైంది?"

"అయింది."

"స్కోర్ ఎంత వచ్చింది?"

"పోస్టులో వస్తుంది."

"పోస్ట్‌లోనా? స్క్రీన్ మీద వెంటనే చూపిస్తారు కదా. నాకు అట్లానే చూపించారు."

"ఇప్పుడు పద్ధతి మారింది."

"ఓకే..." అంది. సాగదీసింది. ఆ సాగదీయడం వాళ్ల నాన్నగారిది. ఆయన పోయి ఆరేళ్లయింది గానీ, అబద్ధం పట్టుకున్నప్పటి ఆయన గొంతు మాత్రం టెక్సాస్‌లో క్షేమంగా ఉంది.

"అమ్మా, ఇక్కడికి వచ్చెయ్యి. కింద రూమ్ నీకే. బాత్‌రూమ్ కూడా అటాచ్డ్. నువ్వు అక్కడ స్నోలో డ్రైవ్ చేసుకుంటూ, ఈ ఏజ్‌లో ఎమ్‌బీఏ... వాట్ ఫర్, అమ్మా?"

"స్నానాల గది కోసం నేను టెక్సాస్ రాను."

తను ఆ చదువు పన్నెండేళ్ల కిందట చదివింది. తనకు ఫోను చేసి, ఈ పరీక్ష ఎలా రాయాలమ్మా అని అడిగితే చెబుతుంది. అడగను.

ఫిబ్రవరి 10

మంచు. కారు ఉన్నచోట తెల్లటి గుట్ట ఉంది. బయటికి పోయే ప్రసక్తి లేదు.

ప్రమోద అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ రాసుకుంటాను.

రిటైరు కావడానికి ముందు ఏడాది మా ల్యాబు మూసేశారు. మా చోట తయారయ్యే మాత్రలు ఎంతకాలం పాడవకుండా ఉంటాయో పరీక్షించే పని మాది. నష్టం వచ్చే విభాగం కాదు. ఎందుకు మూస్తున్నారో చెప్పడానికి అందరినీ పెద్ద హాల్లో కూర్చోబెట్టారు. చెప్పినవాడు బ్రయన్. పిపెట్ పట్టుకోవడం వాడికి నేర్పింది నేను. కంపెనీ వాడిని డబ్బు కట్టి సాయంత్రపు ఎమ్‌బీఏకు పంపింది. ఆ ఏడాదే నేనూ అడిగాను. "నీలాంటి చేతులు ల్యాబు వదిలిపోతే మేమేం కావాలి?" అని మా పైఅధికారి నవ్వాడు. అది మెచ్చుకోలు అనుకుని ఇంటికి వచ్చి మావారికి చెప్పాను కూడా.

బ్రయన్ గ్రాఫులు చూపించాడు. ప్రతి గీతా నాకు కనిపించింది, ప్రతి అంకె చదవగలిగాను. అవన్నీ కలిసి నలభై మందిని ఇంటికి పంపే మాట ఎలా అవుతాయో మాత్రం బోధపడలేదు. ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనను. తప్పో ఒప్పో చెప్పగలిగేంత తెలియకపోవడమే నాకు కష్టంగా ఉంది. తెలుసుకుంటాను. అంతే.

ఇది ప్రమోదకు చెబితే, "సో శాడ్, అమ్మా" అంటుంది. నాకు ఆ మాట అక్కర్లేదు.

ఫిబ్రవరి 16

లైబ్రరీలో జీమ్యాట్ పుస్తకం కొత్తది ఒక్కటే ఉంది. నేను ఈ చివర పట్టుకున్నాను. ఆ చివర ఇంకొక చెయ్యి పట్టుకుంది. ముప్ఫై ఏళ్లుంటాయి. నా గాజులు చూసి ఏమనుకుందో, తెలుగులోనే మాట్లాడింది.

"మీ మనవరాలికా ఆంటీ?"

"నాకే."

"మీకా?" పుస్తకం వదిలేసింది. "సూపర్ ఆంటీ. మీరే తీస్కోండి."

"నేను నీకు ఆంటీని కాను. నా పేరు జ్ఞానప్రసూన."

"అంత పేరు పిలిచేలోపల ఇంకో ప్రశ్న అయిపోతది ఆంటీ."

పేరు మృదుల. వరంగల్లు. హైదరాబాదులో బ్యాంకు ఆఫీసరుగా చేసేది. పెళ్లయి అనీష్ అనే సాఫ్ట్‌వేర్ అబ్బాయితో ఇక్కడికి వచ్చింది. డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయకూడదు కనుక, చదువులో చేరి ఆ వీసా మార్చుకోవాలని పట్టుదల. మొదటిసారి అయిదు వందల ముప్ఫై వచ్చిందట. అయిదు నిమిషాల్లో ఇదంతా చెప్పేసింది, మార్కులతో సహా. ఏమాత్రం దాపరికం లేని మనిషి.

నా మార్కులు అడిగింది. "నీకన్నా కొంచెం తక్కువ" అన్నాను.

పుస్తకం ఇద్దరం కలిసి చదువుకోవడానికి ఒప్పందం. తనకు ఇంగ్లీషు నేను చెప్పాలి. నాకు తను ఏం చెబుతుందో ఇంకా తేలలేదు. కారు నడపడం రాదు కాబట్టి ఇంటి దగ్గర దింపాను.

ఫిబ్రవరి 23

మృదులకు ఇంగ్లీషు వాక్యాల్లో కర్త ఎక్కడుందో వెతకడం నేర్పుతున్నాను. బుద్ధి చురుకైనది. ఓపిక లేదు. "కర్త ఎక్కడుంటే ఏంది ఆంటీ, క్రియ దొరికింది కదా" అంటుంది.

నేను ఇవాళ ఒక పాఠ్యభాగం చదివాను. ఉత్ప్రేరకాల గురించి. రెండో పేరాలో రాసినవాడు పొరబడ్డాడు. ఆ మాట అంచున పెన్సిలుతో రాశాను. ఎందుకు పొరబాటో కూడా రాశాను.

"ఆంటీ, లైబ్రరీ బుక్కు!"

"తప్పు ఉంటే దిద్దవద్దూ?"

"వాళ్లు అడిగింది, ఆ పేరాలో ముఖ్యమైన మాట ఏందని. మీరు ఆ రైటర్‌కి మార్కులేస్తున్నరు."

మార్చి 2

పని సాఫీగా సాగుతోంది. తొందరపడితే తప్పులు వస్తాయి. నాకు తప్పులు రావడం లేదు.

మార్చి 9

ఇవాళ జరిగినది ఉన్నదున్నట్టు రాస్తాను.

మృదుల తన ఫోనులో సమయం పెట్టి, నా చేత వరుసగా లెక్కలు చేయించింది. నాలుగో లెక్క దగ్గర ఆగాను. శేషాల లెక్క. పద్ధతి దొరుకుతూ జారిపోతోంది.

"ఆంటీ, రెండు నిమిషాలు అయిపోయినయ్. ఏదో ఒకటి పెట్టి నడువుండ్రి."

"తేలుతోంది."

"నాలుగు నిమిషాలు."

"మాట్లాడకు."

"ఆంటీ! దీని మీద ఒక్క మార్కు. ఆ చివర ఐదు ప్రశ్నలు ఆగమైతున్నయ్. ఖాళీ వదిలేస్తే తప్పు పెట్టినదానికన్నా ఎక్కువ నరుకుతరు. గెస్ కొట్టండి!"

లెక్క తేల్చాను. జవాబు సరైనదే. పుస్తకం వెనుక చూపించాను. తను చూడలేదు.

"మీ ప్రాబ్లం లెక్కలు రాకపోవుడు కాదు," అంది. "మీకు ఓడిపోవుడు రాదు."

తెలియని దానికి తెలిసినట్టు గుర్తు పెట్టడం అబద్ధం చెప్పడమేనని అన్నాను. ల్యాబులో చూడని రీడింగు రాసినవాడిని అదే రోజు పంపించేవాళ్లమని కూడా అన్నాను. "మిషన్‌కి అబద్ధం చెప్తే ఏం పాపం రాదు ఆంటీ" అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. బ్యాంకుల్లో లెక్కలు అలాగే రాస్తారేమో, మా ల్యాబులో రాయరు అన్నాను.

అప్పుడిక నవ్వలేదు. బ్యాగు సర్దుకుని, నడిచి ఇంటికి పోయింది. రోడ్డు పక్కన మంచు ఇంకా కరగలేదు. కారులో వెనకాలే కొంతదూరం వెళ్లాను. తల తిప్పలేదు.

మార్చి 10

ఒంటరిగా చదువుకోవడంలో ఏకాగ్రత బాగుంటుంది.

మార్చి 11

దోసకాయ పప్పు చేసుకున్నాను. బాగా కుదిరింది.

మార్చి 12

ఏకాగ్రత బాగుంది.

మార్చి 13

గాలివాన. కరెంటు పోయింది. చదవలేదు.

మార్చి 14

ఇంట్లో కంప్యూటరు మీద నమూనా పరీక్ష రాశాను. నాలుగు వందల డెబ్భై. ఆ ప్రోగ్రాములో ఏదో లోపం ఉన్నట్టుంది.

గది చల్లగా లేదు.

మార్చి 16. ఉగాది

పొద్దున తలుపు చప్పుడైంది. మృదుల. చేతిలో డబ్బా.

"హ్యాపీ ఉగాది ఆంటీ. పచ్చడి. వేపపువ్వు దొరకలే, మెంతులు వేసిన."

రుచి చూశాను. "ఇది పచ్చడి కాదు, పోపు."

"చేదు ఉందా లేదా?"

"ఉంది."

"మరి!"

కాఫీ ఇచ్చాను. బ్యాంకు గురించి అన్న మాట అనవలసింది కాదని చెప్పడానికి మాట వెతుక్కుంటున్నాను. తను నాకు ఆ అవకాశం ఇవ్వకుండా గడగడా మొదలుపెట్టింది.

"దిల్‌సుఖ్‌నగర్‌ల కోచింగ్‌కి పోయేటోళ్లం ఆంటీ, బ్యాంకు పరీక్షకి. ఒక హాల్ల రెండు వందల మంది. సార్ దగ్గర ఇత్తడి గంట ఉండేది. కొట్టంగనే తర్వాతి ప్రశ్నకి పోవాలె. పోకుండా పెన్ను కదిలిస్తే, లేచి నిలబడాలె, అందరి ముందట. మొదటి వారం మొత్తం నేను నిలబడే ఉన్న. ఇంటర్‌ల లెక్కలకి నూటికి నూరు నాకు! ఏడ్చుకుంట పోయేదాన్ని. మీకేమో నేను పుట్టంగనే గెస్ కొట్టుకుంట పుట్టిన అనిపిస్తున్నది."

నా చదువులో మూడు గంటలకు అయిదు ప్రశ్నలు. ఒక్కొక్క దానికి పేజీలు పేజీలు రాసేవాళ్లం. ఒక మెట్టు వదిలేస్తే మార్కులు పోయేవి. జవాబు తప్పినా మెట్లు సరిగా ఉంటే మార్కులు ఇచ్చేవాళ్లు. మనిషి ఆలోచన ఎటు నడిచిందో చూసేవాళ్లు. ఆ సంగతి మృదులకు చెప్పాను.

"మస్తు ఉంది ఆంటీ మీ జమానా," అంది. "కానీ ఈ మిషన్ మీ మెట్లు చూడదు."

తరువాత, నమూనా పరీక్షలో వచ్చిన మార్కులు చెప్పాను. మొదటి పరీక్షవి కూడా, అందులో మిగిలిపోయిన ప్రశ్నల సంగతితో సహా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. "అంటే తొమ్మిదీ పన్నెండూ చదవకుండనే నాలుగు వందల తొంభైయా?" అని కళ్లు పెద్దవి చేసింది. "ఆంటీ, మీరు డేంజరస్."

వెళ్లేటప్పుడు మిగిలిన పచ్చడి డబ్బాతో సహా నా దగ్గరే వదిలేసింది. తినడానికి కాదట, గుర్తుకట.

మార్చి 20

ఇత్తడి గంట బదులు వంటింటి టైమరు. దాన్ని లైబ్రరీకి తీసుకుపోలేం కనుక మృదుల మా ఇంటికే వచ్చింది. గంట మోగగానే పేజీ తిప్పాలి. తిప్పలేకపోయాను. మనసు ఒప్పుకున్నా చెయ్యి ఒప్పుకోలేదు. రెండోసారి తను నా చేతిలోంచి పెన్సిలు లాక్కుంది. ఒకరు నా చేతిలోంచి పెన్సిలు లాక్కోవడం బహుశా ఎల్.కె.జి. తరువాత ఇదే, అదీ మా కాలంలో లేదు.

మార్చి 23

పేజీ తిప్పుతున్నాను. కానీ ఏదో ఒకటి పెట్టమంటే పెట్టలేను. ఏది పెట్టాలి? ఏ ప్రాతిపదిక మీద? అయిదింటిలో ఒకటి ఊరకే వేలితో పొడవడం చేతకాక, ఆ ఎంపిక మీదే మళ్లీ నిమిషం గడుపుతున్నాను.

"ఏదన్నా పెట్టండి ఆంటీ, ప్లీజ్!"

"ఏదన్నా అనేది జవాబు కాదు."

మార్చి 27

దారి దొరికింది. రాత్రి కాదు, పొద్దున పళ్లు తోముకుంటుండగా.

ల్యాబులో పాడైపోయిన నమూనాకు మేము అంకె వేసేవాళ్లం కాదు. అలాగని గడి ఖాళీగానూ వదిలేవాళ్లం కాదు. అడ్డంగా ఒక గీత కొట్టి పొట్టి సంతకం పెట్టేవాళ్లం. ఇది చూశాను, దీని నుంచి ఫలితం రాదు అని ఆ గీతకు అర్థం. అందులో అబద్ధం లేదు. ఆ గీత కొట్టకుండా వదిలేసినవాడికే చీవాట్లు పడేవి.

కాబట్టి ఇకనుంచి నాకు తేలని ప్రతి ప్రశ్నకూ మూడో జవాబే పెడతాను. ఎప్పుడూ మూడోదే. ఎంపిక లేదు, ఊహ లేదు. మూడోది నొక్కానంటే, చూశాను, తేలలేదు అని నా సంతకం. మిషనుకు ఆ సంగతి తెలియకపోవచ్చు. నాకు తెలుసు.

మృదులకు చెప్పాను. టేబులు మీద తల పెట్టుకుని నవ్వింది. కళ్ల నీళ్లు తుడుచుకుని, "అంటే గెస్ కొడతరు, కానీ నిజాయితీగ కొడతరు," అంది.

"గెస్ కాదు."

"సరే, సరే. సంతకం. పెట్టుండ్రి సంతకం. ఎన్ని కావాలంటే అన్ని పెట్టుండ్రి."

సాయంత్రం గడువులోగా మొత్తం లెక్కలు ముగించాను. జీవితంలో మొదటిసారి ఆఖరి ప్రశ్న ముఖం చూశాను. తేలికైన ప్రశ్న. రెండు ద్రావణాలు కలిపే లెక్క. ఇన్నాళ్లూ అది అక్కడే ఉండి ఉంటుంది.

ఏప్రిల్ 4. ఆదివారం

"అమ్మా, నీ స్కోర్ పోస్ట్‌లో ఇంకా రాలేదా?" అని ప్రమోద. రెండు నెలలుగా ప్రతి ఆదివారం అడుగుతోంది. ఎగతాళి అని తెలుసు.

ఇవాళ ఎందుకో, "నాలుగు వందల తొంభై" అని చెప్పేశాను.

"సో శాడ్" వస్తుందని సిద్ధపడ్డాను.

"అమ్మా, నాకు ఫస్ట్ టైమ్ ఎంతో తెలుసా?"

"ఆరు వందల ఎనభై. నువ్వే చెప్పావుగా."

"అది సెకండ్ టైమ్. ఫస్ట్ టైమ్ ఫైవ్ టెన్. నీకు చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడుగుతావు కదా, మిగతా టూ నైన్టీ ఎక్కడ పోయాయి అని."

అడిగి ఉండేదాన్ని. నిస్సందేహంగా అడిగి ఉండేదాన్ని.

"నాన్నకు చెప్పావా?"

"నాన్నకు తెలుసు. నాన్నే సెకండ్ టైమ్ ఫీజ్ కట్టారు. అమ్మకు చెప్పొద్దు అన్నారు."

ఇద్దరం ఒకేసారి నవ్వడం మొదలుపెట్టాం. ఆగలేదు. ఆయన నా వెనుక ఇంత పని చేసి, ఏమీ ఎరగనట్టు కూర్చుని నాతో కాఫీ తాగి ఉంటారు. చివరికి ప్రమోదే తేరుకుంది.

"అమ్మా, హెల్ప్ కావాలా? నేను వీకెండ్ ఫ్లై చేసి వస్తా."

"వద్దు."

"ఐ న్యూ ఇట్."

"కానీ, వెర్బల్‌లో ఆ అయిదు వాక్యాల్లో వాదాన్ని బలహీనపరిచేది ఏదని అడుగుతారే, అవి నువ్వెలా చేసేదానివి?"

అవతల ఫోను ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్న చప్పుడు వినిపించింది. గంటసేపు చెప్పింది. బాగా చెబుతుంది. ఎక్కడ నేర్చుకుందో.

ఏప్రిల్ 10

మృదుల పరీక్ష రాసింది. ఆరు వందల అరవై! పరీక్ష హాలు నుంచి నేనే కారులో తీసుకువచ్చాను. దారి పొడుగునా ఏడ్చింది, నవ్వింది, అనీష్‌కు ఫోను చేసింది, మళ్లీ ఏడ్చింది. "వెర్బల్ మొత్తం మీ పుణ్యమే ఆంటీ. కర్త దొరికింది!" అంది.

చాలా సంతోషం.

నిజంగానే చాలా సంతోషం. వచ్చే శనివారం నాది.

ఏప్రిల్ 15

నిద్ర బాగానే పడుతోంది.

ఏప్రిల్ 16

నిద్ర పట్టలేదు. మూడో జవాబు ఎక్కువసార్లు పెట్టవలసి వస్తే ఏమిటన్నది ఆలోచన. ఇది తప్పితే మే ఒకటిలోగా మరో అవకాశం లేదు. వచ్చే ఏడాది అరవై ఏడు దాటుతాయి. అయినా ప్రపంచం మునిగిపోదు. ప్రమోద కింద గది ఖాళీగానే ఉంటుంది.

లేదు. రాయను ఆ మాట. కొట్టివేశాననుకోవాలి.

ఏప్రిల్ 17. శనివారం

మృదుల తోడు వస్తానంది. వద్దన్నాను. ప్రమోద పొద్దున్నే ఫోను చేసి, "ఈట్ సమ్‌థింగ్, అమ్మా" అంది. ఇడ్లీ తిన్నాను.

లెక్కల్లో ఏడో ప్రశ్నకే చిక్కుపడ్డాను. శేషాల లెక్క, నా పాత శత్రువు. పలక మీద సగం చేశాను. పద్ధతి కనిపిస్తోంది. ఇంకొక్క అడుగు. తెర మూలన గడియారం చూశాను. మూడో జవాబు నొక్కాను. తెర ఏమాత్రం చలించకుండా తరువాతి ప్రశ్న చూపించింది. ఇంతేనా అనిపించింది. ఇన్నేళ్లు నేను దేనికి అంతగా బిగుసుకుపోయానో ఆ యంత్రానికి పట్టనే లేదు.

తరువాత ఇంకొన్నిచోట్ల సంతకం పెట్టాను. ఎన్నని లెక్కపెట్టుకోలేదు. ఇంగ్లీషులో ఒక పాఠ్యభాగంలో మళ్లీ సైన్సు తప్పు కనిపించింది. పెద్ద తప్పే. దాన్ని అలాగే వదిలేసి, వాళ్లు అడిగినది చెప్పి ముందుకు పోయాను. రాసినవాడెవడో, సుఖంగా ఉండనీ. రెండు భాగాల్లోనూ ఆఖరి ప్రశ్న దాకా వెళ్లాను.

అంతా అయ్యాక తెర ఒక మాట అడుగుతుంది. మార్కులు నమోదు చేయమంటావా, రద్దు చేయమంటావా అని. నమోదు చేయమంటేనే చూపిస్తుంది. చూశాక రద్దు చేసుకోవడానికి లేదు. కిందటిసారి ఒక్క క్షణం ఆలోచించకుండా నమోదు నొక్కాను. చేసినవన్నీ ఒప్పులే అనే ధీమా అప్పుడుంది. ఇవాళ నా దగ్గర ఏ ధీమా లేదు. ఎన్ని తప్పులు చేశానో తెలియని పరీక్ష రాయడం నాకు ఇదే మొదలు. రద్దు మీద బాణం గుర్తు కాసేపు నిలబడింది. నేనే నిలబెట్టాను.

తరువాత పక్కకు జరిపి నమోదు నొక్కాను.

అయిదు వందల ఎనభై.

బయటి కౌంటరులో పిల్ల కాగితం అచ్చు వేసి ఇస్తూ, "కంగ్రాచ్యులేషన్స్, మ్యామ్" అంది. అందరికీ అంటుందేమో. నాకు మాత్రం సరిపోయింది. కారులో కూర్చుని ప్రమోదకు ఫోను చేశాను. "మిగతా టూ ట్వంటీ ఎక్కడ పోయాయి, అమ్మా?" అని అడిగి తనే అరిచింది, పక్కనున్న వాళ్లెవరో ఏమైందని అడిగేటంత గట్టిగా. మృదులకు చేశాను. "ఎన్ని సంతకాలు పెట్టిండ్రు?" అంది. తెలియదన్నాను. "అబ్బ! ఆంటీ తెలియదు అన్నరు!" అని అనీష్‌ను పిలిచి చెప్పింది.

ఇంటికి రావలసిన మలుపు దగ్గర తిరగలేదు. నేరుగా యూనివర్సిటీకి పోయాను. శనివారం కనుక కార్లు తక్కువ. బిజినెస్ స్కూలు బిల్డింగు తలుపు తీసే ఉంది. ఎవరూ ఆపలేదు. ఆపితే ఏం చెప్పాలో తయారుగా పెట్టుకున్నాను, అది వృథా అయింది.

మేడమీద ఒక గదిలో దీపాలు వెలుగుతున్నాయి, మనుషులు లేరు. బోర్డు మీద ఎవరో ఏదో చెప్పి, తుడవకుండా పోయారు. నాలుగు నిలువు వరుసలు, రెండు బాణాలు, చుట్టూ గుండ్రంగా గీసిన ఒక అంకె. ముందు వరుసలో కూర్చుని చూశాను. ఎంత చూసినా ఒక్క ముక్క అర్థం కాలేదు.

అంత హాయిగా కూర్చుని చాలా ఏళ్లయింది.